పెద్ద మానిటర్ కొనే ముందు సీపీయూ వెనకవైపు ఒకసారి చూడండి

మానిటర్ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి బయల్దేరుతున్నారా? ముందు సీపీయూ వెనకవైపు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. షాపులో "ఏ పోర్టు ఉంది సార్?" అని అడిగితే అదే జవాబు.

నేను ఆ ఫొటో తీసుకోకుండానే వెళ్లి 27 అంగుళాల 4కే మానిటర్ తెచ్చాను. హెచ్‌డీఎంఐకి తగిలిస్తే బొమ్మ బాగానే వచ్చింది, కానీ మౌస్ బాణం ఆగి ఆగి కదిలింది. సెట్టింగ్స్‌లో చూస్తే 30 హెర్ట్జ్, అంటే తెర మీద బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతోంది! కొత్త కేబుల్ కొన్నా అంతే. నా పీసీలో ఉన్నది హెచ్‌డీఎంఐ 1.4, 4కే అయితే దాని హద్దు 30. 60 కావాలంటే పీసీ, మానిటర్ రెండింటికీ కనీసం హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో రకం పోర్టులో 1.2 గానీ ఉండాలి. అదృష్టం, నా గ్రాఫిక్స్ కార్డుకు (తెరకు బొమ్మ పంపే విడి కార్డు) డిస్‌ప్లేపోర్ట్ ఉంది. ఆ కేబుల్ పెట్టి, సెట్టింగ్స్‌లో 60 ఎంచుకున్నాక బాణం నీళ్లలా జారింది.

డిస్‌ప్లేపోర్ట్ పిన్ను గుర్తుపట్టడం తేలికే, ఒక మూల కోసేసినట్టు ఉంటుంది. చాలా కేబుళ్లకు చిన్న లాక్ కూడా ఉంటుంది. పైనున్న బటన్ నొక్కి పట్టుకునే తీయండి. బలంగా లాగితే పోర్టు దెబ్బతింటుంది.

ఇంకోటి, గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టండి, మదర్‌బోర్డు పోర్టుకు కాదు.