కండక్టర్ కావాలంటే ముందు చివరి వరసలో కూర్చోండి

కండక్టర్ అవుతానని ఇంట్లో చెప్తే అమ్మమ్మ "ఏ డిపోలోరా?" అంటుంది. ఆ జోకు ఇంకో పదేళ్ళు వింటారు, ఇప్పుడే అలవాటు చేసుకోండి. నేను చెప్పేది ఆర్కెస్ట్రా ముందు పోడియం ఎక్కి చేతులు ఊపే కండక్టర్ గురించి. అమెరికాలోనో ఇంగ్లండులోనో పెరుగుతూ స్కూల్ ఆర్కెస్ట్రాలో వయొలిన్, చెల్లో వాయించే మన పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు కదా, వాళ్ళలో ఎవరికో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఆ పోడియం మీద కన్ను పడుతుంది. ఇది వాళ్ళ కోసం. నేను కండక్టర్‌ని కాదు. ఒక అమెచ్యూర్ ఆర్కెస్ట్రాలో వయోలాల (వయొలిన్‌కి కాస్త పెద్ద అక్కలాంటి వాయిద్యం) చివరి వరసలో కూర్చుంటాను. క్షవరం నేర్చుకునేవాడికి తల అప్పగించినట్టు ఏటా ఇద్దరు ముగ్గురు కుర్ర కండక్టర్లకి మా ఆర్కెస్ట్రాని అప్పగిస్తారు, కాబట్టి తప్పులు ఎక్కడ జరుగుతాయో నాకు కాస్త తెలుసు.

ముందు ఒక భ్రమ వదిలించుకోండి. ఈ రంగంలో అందరూ చెప్పుకునే కథలన్నీ ఒకే రాత్రిలో స్టార్ అయిపోయిన కథలే. 1943 నవంబరు 14న న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా కచేరీకి కండక్టర్ బ్రూనో వాల్టర్ ఫ్లూతో రాలేకపోయాడు, 25 ఏళ్ళ లెనర్డ్ బెర్న్‌స్టీన్ ఒక్క రిహార్సల్ కూడా లేకుండా కార్నెగీ హాల్లో పోడియం ఎక్కాడు, అది రేడియోలో దేశమంతా విన్నది, మర్నాడు పేపర్లో మొదటి పేజీకి ఎక్కింది. 1886లో రియో డి జనీరోలో కండక్టర్ గొడవతో కచేరీ ఆగిపోయేలా ఉంటే, చెల్లో వాయించే 19 ఏళ్ళ తోస్కనీని లేచి వచ్చి 'ఐదా' ఒపేరా మొత్తాన్ని స్కోరు (అన్ని వాయిద్యాల స్వరాలూ కలిపి రాసిన పుస్తకం) చూడకుండా నడిపించేశాడు. 1983లో లండన్‌లో మైకేల్ టిల్సన్ థామస్ బదులు ఎసా-పెక్కా సాలొనెన్ వచ్చి మాలర్ మూడో సింఫనీ చేసి పేరు తెచ్చుకున్నాడు. బాగానే ఉంది. కానీ బెర్న్‌స్టీన్ అప్పటికే అక్కడ అసిస్టెంట్ కండక్టర్, పెద్దాయన రాకపోతే ఎక్కడమే ఆ ఉద్యోగం. తోస్కనీనికి ఐదా కంఠతా రావడానికి కారణం ఆ ఆర్కెస్ట్రాలో కూర్చుని వాయిస్తూ ఉండటమే. అదృష్టం వచ్చి తలుపు తట్టినప్పుడు వీళ్ళు ఇంట్లోనే ఉన్నారు, అంతే తేడా. ఆ ఇంట్లో ఉండటం ఎలా అన్నదే ఇక్కడ చెప్పబోయేది.

మొదటిది, ఒక వాయిద్యం గట్టిగా పట్టుకోండి, దాంతో ఆర్కెస్ట్రాలో కూర్చోండి. పియానో ఒక్కటే నేర్చుకుంటే స్కోరు చదవడం త్వరగా వస్తుంది, అది చాలా పెద్ద లాభమే, కానీ 60 మంది మధ్యలో కూర్చుని పోడియం మీదున్న మనిషి చెయ్యి అర్థంకాక బిక్కమొహం వేసుకోవడం అంటే ఏమిటో తెలియదు. అది తెలియాలి. ఇప్పటి పెద్ద కండక్టర్లలో క్లాస్ మేకెలా చెల్లో వాయించేవాడు, జుబిన్ మెహతా డబుల్ బాస్, సైమన్ రాటిల్ తాళవాద్యాలు. డ్రమ్స్ వెనక నిలబడేవాడికి వంద బార్లు (బార్ అంటే మన ఆవర్తం లాంటిది) ఖాళీ, ఊరికే లెక్కపెట్టుకుంటూ మిగతావాళ్ళని వినడమే పని, కండక్టర్‌కి అంతకంటే మంచి బడి ఏముంటుంది.

మేకెలా పేరు వచ్చింది కాబట్టి ఫిన్‌లాండ్ సంగతి చెప్పాలి. జనాభా మన హైదరాబాద్ కంటే తక్కువ, కానీ ప్రపంచంలో ఏ పెద్ద ఆర్కెస్ట్రాని చూసినా ఒక ఫిన్‌లాండ్ కండక్టర్ తగులుతాడు. సాలొనెన్, సకారి ఒరామో, సుజన్నా మల్కి, మిక్కో ఫ్రాంక్, అందరూ యోర్మా పనూలా అనే ఒకే గురువు చేతికింద నేర్చుకున్నవాళ్ళు. 1996లో పుట్టిన మేకెలా 12 ఏళ్ళకే హెల్సింకీలో ఆయన క్లాసులో చేరాడు, 2000లో పుట్టిన తర్మో పెల్తొకోస్కి 14 ఏళ్ళకి చేరాడు. పనూలా పద్ధతిలో మంత్రం ఏమీ లేదు. విద్యార్థికి మొదటి నుంచీ నిజమైన మనుషులున్న ఆర్కెస్ట్రా ఇస్తారు, చేసిందంతా వీడియో తీస్తారు, తర్వాత కూర్చోబెట్టి చూపిస్తారు. ఆయన మాట్లాడేది తక్కువ. వీడియోలో మీ మొహం మీరు చూసుకున్నాక ఇంకొకరు తిట్టాల్సిన పని ఉండదు.

ఆ వీడియో పని ఇంట్లో మీరూ చేసుకోవచ్చు. ఫోన్ ఎదురుగా పెట్టండి, ఆర్కెస్ట్రా కూర్చునే వైపు నుంచి, మీ వెనక నుంచి కాదు. తర్వాత సౌండ్ తీసేసి చూడండి. ఏ పాట నడుస్తోందో, ఎక్కడ మెల్లగా ఉందో ఎక్కడ గట్టిగా ఉందో బొమ్మ చూసి తెలియాలి. తెలియకపోతే మీరు సంగీతానికి డాన్స్ చేస్తున్నట్టు, నడిపిస్తున్నట్టు కాదు.

ఇక అసలు చిక్కు. మనకి కర్ణాటక సంగీతం కాస్తో కూస్తో పరిచయం ఉంటుంది కాబట్టి చేత్తో దెబ్బ వేయడం కొత్త కాదు. కానీ తాళం వేసే చెయ్యి దెబ్బ పడే క్షణంలోనే పడుతుంది, కండక్టర్ చెయ్యి మాత్రం రాబోయే దెబ్బని ముందే చెప్పాలి. అంటే పైకి ఎత్తేటప్పుడే వేగం, బలం, స్వభావం అన్నీ కనబడిపోవాలి. దీనికి పరీక్ష పెట్టాలంటే బీథోవెన్ ఐదో సింఫనీ మొదలే చాలు. డడడ డాం, ఎవరికి తెలియదు. కాగితం మీద చూస్తే మాత్రం మొదటి దెబ్బ మీద ఏమీ లేదు, ఖాళీ. ఆ మూడు డ-లు ఆ ఖాళీ తర్వాత వస్తాయి. మన లెక్కలో అనాగత గ్రహం, ముందు తాళం, తర్వాత పాట. పైగా వేగం ఎక్కువ కాబట్టి ఒక బార్‌కి ఒకటే దెబ్బ.

మా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి భద్రంగా ఉంటుందని ముందు రెండు దెబ్బలు ఖాళీగా ఇచ్చి మూడోదానికి మొదలుపెట్టమన్నాడు. మొదటి వయొలిన్లు రెండోదానికే దూకేశారు, చెల్లోలు మూడోదానికి వచ్చారు, మేం వయోలాలం పక్కవాళ్ళని చూసి వాయిద్దామని ఆగాం, ఆ చోట తీగవాయిద్యాలతో కలిసి వాయించాల్సింది క్లారినెట్లే, వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సారీ అన్నాడు. మళ్ళీ. సారీ. ఐదుసార్లు అయింది, చెవులు ఎర్రబడ్డాయి పాపం. అప్పుడు మొదటి వయొలిన్ పెద్దావిడ విల్లు దించి "నువ్వు లెక్కపెట్టకు బాబూ, ఊపిరి పీల్చు" అంది. ఒక్కసారి ముక్కుతో గట్టిగా ఊపిరి తీశాడు, చెయ్యి దాంతోపాటే లేచింది, పడింది, 40 మందీ కలిసి వచ్చాం. ఇంట్లో గోడ ముందు ఇది వందసార్లు చేయండి. గోడ తప్పుగా వాయించదు కాబట్టి దాంతో ఆగిపోకుండా ఇద్దరు స్నేహితుల్ని కూర్చోబెట్టి కూడా చేయండి.

స్కోరు చదవడం గురించి ఒక్క మాట కాదు, చాలా మాటలున్నాయి, ముఖ్యమైనవి చెప్తాను. రికార్డింగ్ విని నేర్చుకోవద్దు, కనీసం మొదటి రెండు వారాలు. వింటే ఇంకొకరి వేగం, ఇంకొకరి విరుపులు ఒంట్లోకి దిగిపోతాయి, తర్వాత వదలవు. పెన్సిల్ పట్టుకుని వాక్యాలు ఎన్నెన్ని బార్లకి విరుగుతున్నాయో గీత పెట్టుకోండి. తర్వాత ప్రతి గీతనీ గొంతుతో పాడండి, రెండో క్లారినెట్‌ని కూడా, ముఖ్యంగా రెండో క్లారినెట్‌ని. బి ఫ్లాట్ క్లారినెట్‌కి రాసిన స్వరం కంటే ఒక మెట్టు కింద వినిపిస్తుంది, ఎఫ్ హార్న్‌కి స నుంచి ప అంత దూరం కింద, మా వయోలాలకి క్లెఫే (ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు) వేరు. ఇవన్నీ పియానో మీద ఒకేసారి వాయించడం మొదట్లో నరకంలా ఉంటుంది. ఏడాదికి కాస్త మామూలు మనుషుల లోకంలోకి వస్తారు.

ఆర్కెస్ట్రా ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు, మీరే తయారుచేసుకోవాలి. రాటిల్ లండన్ రాయల్ అకాడమీలో చదువుకునేటప్పుడే తోటి విద్యార్థుల్ని పోగుచేసి మాలర్ రెండో సింఫనీ అంతటిది చేశాడు, ఆ మరుసటి ఏడే, 1974లో, జాన్ ప్లేయర్ కండక్టర్ల పోటీ గెలిచాడు. మీరు మాలర్ జోలికి పోవద్దు. హైడెన్ సింఫనీలు బోలెడున్నాయి, తీగవాయిద్యాలు, రెండు ఓబోలు, రెండు హార్న్‌లు ఉంటే చాలావాటికి సరిపోతుంది. పాత స్వరకర్తల నొటేషన్ ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. అయితే స్కోరు ఒక ముద్రణది, ఒక్కో వాయిద్యానికి ఇచ్చే విడి కాగితాలు ఇంకో ముద్రణవి అయితే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పుకోవడానికి వేసే గుర్తు అక్షరాలు, బార్ నంబర్లు కలవవు. "ఎఫ్ నుంచి" అని మీరంటే తలా ఒక చోటు నుంచి మొదలుపెడతారు. ముందురోజు రాత్రి అన్ని కాగితాల మీదా బార్ నంబర్లు వేసుకోండి. స్నేహితులకి బిర్యానీ పెట్టండి. ఈ రెండూ చేస్తే వాళ్ళు రెండోసారి కూడా వస్తారు.

రిహార్సల్లో తక్కువ మాట్లాడండి. మేం వాయించడానికి వచ్చాం, మీ ఉపన్యాసానికి కాదు. ఆపినప్పుడు ఎవరు, ఎక్కడ, ఏమిటి, ఈ మూడూ ఒక వాక్యంలో చెప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. "ఇక్కడ సూర్యోదయంలా ఉండాలి" అనకండి, "విల్లు ఇంకొంచెం కొసన, చిన్నగా" అనండి.

పెద్ద చదువుకి వియన్నా, హెల్సింకీ, అమెరికాలో టాంగిల్‌వుడ్, ఆస్పెన్ లాంటి వేసవి శిక్షణలు ఉన్నాయి. ఫీజులు, వయసు నియమాలు ఎప్పటికప్పుడు వాళ్ళ సైట్లలోనే చూసుకోండి. కానీ బడిలో చెప్పేదానికంటే బడి బయట చూసేది ఎక్కువ. బొంబాయి కుర్రాడు మెహతా 1954లో వియన్నా వెళ్ళి హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర చేరాడు. పెద్ద కండక్టర్ల రిహార్సళ్ళకి విద్యార్థుల్ని రానిచ్చేవారు కాదు. మెహతా, అతని స్నేహితుడు క్లాడియో అబ్బాదో కలిసి కచేరీల్లో పాడే బృందగానంలో మంద్ర గొంతుల వైపు చేరిపోయారు. గానం ఒక వంక, అసలు పని ఎదురుగా ఉన్న కండక్టర్‌ని కళ్ళారా చూడటం. 1958లో మెహతా లివర్‌పూల్ పోటీ గెలిచాడు, అక్కడ బహుమతి ఏమిటంటే ఒక ఏడాది అసిస్టెంట్ ఉద్యోగం.

పోటీలకి కూడా అందుకే వెళ్ళాలి, కప్పు కోసం కాదు, దాని వెనక వచ్చే ఉద్యోగం కోసం, చూసేవాళ్ళ కళ్ళ కోసం. ఫ్రాన్స్‌లోని బెజాన్సాన్ పోటీలో 1959లో సెయిజీ ఒజావా గెలిచాడు. 2004లో జర్మనీలోని బాంబెర్గ్‌లో మొదటి మాలర్ పోటీ గెలిచిన గుస్తావో దుదమెల్ 2009కల్లా లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్‌కి వెళ్ళాడు. లండన్‌లో డొనటెల్లా ఫ్లిక్ పోటీ గెలిస్తే లండన్ సింఫనీలో అసిస్టెంట్ అవుతారు. ఆడవాళ్ళ కోసం పారిస్‌లో 2020 నుంచి లా మాయెస్త్రా ఉంది. మొదటి రౌండ్లోనే ఇంటికి పంపేస్తారు చాలామందిని, దానికి ఏడవక్కర్లేదు.

అసిస్టెంట్ ఉద్యోగం గురించి ఎవరూ గొప్పగా చెప్పరు, నాకైతే ఈ దారిలో అసలు సరుకు అక్కడే ఉందనిపిస్తుంది. పని ఏమిటి? పెద్దాయన చేసే ప్రతి స్కోరూ మీరు కూడా కచేరీ చేసేంతగా నేర్చుకుని, నూటికి తొంభై తొమ్మిది సార్లు చేయకుండా ఇంటికి వెళ్ళడం. రిహార్సల్లో హాల్లో వెనక కూర్చుని ఎవరు ఎవరిని ముంచేస్తున్నారో విని చెప్పడం. తెర వెనక నుంచి ట్రంపెట్లు వాయించాల్సి వస్తే అక్కడ చీకట్లో నిలబడి వాళ్ళకి దెబ్బ చూపించడం. చిన్నపిల్లల కచేరీలు చేయడం. లిథువేనియా అమ్మాయి మిర్గా గ్రాజినీతె-తీలా 2012లో సాల్జ్‌బర్గ్‌లో యువ కండక్టర్ల బహుమతి గెలిచాక కూడా లాస్ ఏంజెలెస్‌లో ముందు ఫెలోగా, తర్వాత అసిస్టెంట్‌గా, అసోసియేట్‌గా ఒక్కో మెట్టే ఎక్కింది, 2016లో బర్మింగ్‌హామ్ ఆర్కెస్ట్రా ఆమె చేతికి వచ్చింది. జర్మనీలో ఇంకో దారి, ఒపేరా థియేటర్లో గాయకులకి పియానో మీద పాఠం చెప్పే ఉద్యోగంతో మొదలు. క్రిస్టియన్ టీలెమన్ 19 ఏళ్ళకి బెర్లిన్‌లో అలాగే మొదలుపెట్టాడు. పియానో బాగా వచ్చినవాళ్ళు ఈ దారి చూడండి.

ఎంత త్వరగా పైకి ఎక్కాలన్న గొడవ ఎప్పుడూ ఉంటుంది. మేకెలా 2020లో ఓస్లో, 2021లో పారిస్, 2027 నుంచి ఆమ్‌స్టర్‌డామ్, షికాగో ఆర్కెస్ట్రాలు రెండూ. అంత ప్రతిభకి అడ్డు చెప్పడానికి నేనెవర్ని, కానీ రాటిల్ 1980లో 25 ఏళ్ళకి బర్మింగ్‌హామ్ తీసుకుని 1998 దాకా అక్కడే ఉండి, ఆ తర్వాతే 2002లో బెర్లిన్ వెళ్ళాడు. ప్రతి సింఫనీకీ ఒక మొదటిసారి ఉంటుంది, అది ప్రపంచం మొత్తం చూడని చోట జరగడం మేలని నా లెక్క. ఏజెంటు ఫోన్ చేస్తే ముందు మీ దగ్గర రిహార్సల్ లేకుండా చేయగలిగిన స్కోర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి.

ఆ ఊపిరి పీల్చిన అబ్బాయి ఈమధ్య మళ్ళీ వచ్చాడు, ఈసారి వేరే కండక్టర్‌కి సాయంగా. మూడు గంటలూ హాల్లో చివరి వరసలో స్కోరు ఒళ్ళో పెట్టుకుని పెన్సిల్‌తో ఏదో రాసుకుంటూనే ఉన్నాడు. రిహార్సల్ అయ్యాక నేరుగా మా దగ్గరికి వచ్చి, నోరు పెగలక ఒకసారి దగ్గి, "ఏమనుకోకండి, వయోలాలు ఒక్కరూ వినబడట్లేదండీ" అన్నాడు. నిజమే, సగం పేజీ మేం వాయించలేదు.