కాలనీలో క్విజ్ ఎలా పెట్టాలి? ప్రశ్న రాయడం నుంచి టై తేల్చడం దాకా

వినాయక చవితి పందిట్లో పెట్టినా, సంక్రాంతికి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టినా గంటన్నర క్విజ్‌కి 40 ప్రశ్నలు చాలు. తిండి, రత్నాలు, చరిత్ర, మాటలాట అని నాలుగు రౌండ్లు, రౌండుకు పది. చేతిలో ఇంకో అయిదు అదనంగా ఉంచుకోండి. జట్టుకు నలుగురు. అందులో ఒక పెద్దవాళ్లు, ఒక బడిపిల్ల ఉండేలా కలిపితేనే పోటీ సమంగా ఉంటుంది.

ప్రశ్న రాయడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. జవాబు తెలియనివాళ్లు కూడా ఆలోచించి పట్టుకోగలిగేదే మంచి ప్రశ్న. ఉదాహరణకి ఇది: "పల్నాటి జొన్నన్నం మీద చాటువులు చెప్పాడంటున్న శ్రీనాథుడు ఆ అన్నంలోకి ఎండుమిరపకాయల పచ్చడి నంజుకుని ఉంటాడా?" నంజుకోలేదు. శ్రీనాథుడిది 15వ శతాబ్దం మొదటి సగం. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. వాస్కో డ గామా 1498లో వచ్చాకే పోర్చుగీసువాళ్ల ద్వారా అది మన దేశం చేరింది. అంతకుముందు కారమంటే మిరియాలే. గుంటూరు మిర్చి యార్డు పక్కన పెరిగిన పిల్లలు కూడా ఈ ప్రశ్న దగ్గర ఆగి ఆలోచిస్తారు.

"ఏ సంవత్సరంలో?" అని మాత్రం అడగకండి. తెలిసినవాళ్లు చెప్పేస్తారు, మిగతావాళ్లకి ఆలోచించడానికి ఏమీ ఉండదు. సంవత్సరాన్ని ప్రశ్నలోనే ఇచ్చేయండి: "1954 నుంచి 1956 వరకు రాజధాని కర్నూల్లో ఉంటే హైకోర్టు ఏ ఊళ్లో ఉండేది?" జవాబు గుంటూరు. 1921లో బెజవాడలో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిందెవరంటే ఇక్కడ చాలామంది పింగళి వెంకయ్య అని ఠక్కున చెప్పేస్తారు. అలాంటివి ప్రతి రౌండులో మొదటి రెండు ప్రశ్నలుగా వాడుకోండి, జట్లకు బెరుకు పోతుంది.

ఒకే జవాబు ఉందో లేదో చూడటం

గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. "ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి ఎవరు?" అంటే ఎవరో ఒకరు టంగుటూరి ప్రకాశం అని రాస్తారు. ఆయన 1953లో ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్‌కి నీలం సంజీవరెడ్డి. ప్రశ్నలో తారీఖు పెడితే తగాదా ఉండదు. జిల్లాల విషయంలో ఇంకా జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక పాత పుస్తకాల్లోని "గుంటూరు జిల్లా" చాలా ఊళ్లకు చెల్లదు. వజ్రాల గనుల కొల్లూరు ఇప్పుడు పల్నాడు కిందికి వస్తుంది. బాపట్ల జిల్లాలో ఇంకో కొల్లూరుంది. అందుకే ఊరు పేరు ఇచ్చి జిల్లా అడగకుండా, "పులిచింతల జలాశయం ముంపులో పోయిన వజ్రాల గనుల ఊరు ఏది?" అని అడగండి.

ప్రశ్నలన్నీ పోటీలో లేని ఇద్దరి మీద ముందే ప్రయోగించండి. ఇద్దరూ "అంటే ఏంటి?" అన్న ప్రశ్నను తిరగరాయాలి.

రౌండ్లలో మెలకువలు

రత్నాల రౌండులో ఫొటో చూపించి రాయి పేరు అడగొద్దు. కెంపునీ, స్పినెల్ అనే వేరే రకం ఎర్ర రాయినీ కంటితో తేడా కట్టడం కష్టం. బ్రిటిష్ కిరీటంలోని "బ్లాక్ ప్రిన్స్ రూబీ" నిజానికి స్పినెలే. ఈ సంగతే మంచి ప్రశ్న అవుతుంది. ఇంకొకటి: "నవరత్నాల్లో భూమిలో దొరికే రాళ్లు కానివి రెండు, ఏవి?" ముత్యం, పగడం. రెండూ సముద్రజీవుల నుంచి వచ్చేవే.

తిండి రౌండులో నాలుగు మూత కప్పులు పెట్టి, ఒక్కోదాంట్లో అర చెంచా చొప్పున జీలకర్ర, షాజీరా, సోంపు, వాము వేయండి. కళ్లకు గంతలు కట్టి వాసన చూడమనండి. వేయించిన దినుసులు వాడొద్దు, మాడు వాసన అసలు వాసనను కప్పేస్తుంది. కప్పుకీ కప్పుకీ మధ్య కాఫీపొడి వాసన చూపించాల్సిన పని లేదు, పది సెకన్లు ఆగితే చాలు. ఆఖర్న కొసరు ప్రశ్న: ఈ నాలుగింటికీ ఉన్న బంధుత్వం ఏమిటి? నాలుగూ కొత్తిమీర కుటుంబం మొక్కలే.

మాటలాటలో ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే మూడక్షరాల మాటలు రెండు నిమిషాల్లో రాయమనండి. మాటకో మార్కు, అయిదు దాటకుండా. జలజ, నటన, కునుకు, పులుపు, మిసిమి చెల్లుతాయి. "కిటికీ" చెల్లదు, చివర దీర్ఘం ఉంది. గుణింతంతో సహా కలవాలనే నియమం మొదలుపెట్టేముందే చెప్పండి, లేకపోతే ఈ ఒక్క మాట దగ్గరే పది నిమిషాలు పోతాయి.

నడపడం

ప్రశ్న రెండుసార్లు చదివి 30 సెకన్లు ఇవ్వండి, జవాబు కాగితం మీదే రాయించండి. "పాస్" పద్ధతిలో ముందు జట్ల తప్పులు విని చివరి జట్టు తేలిగ్గా చెప్పేస్తుంది. రౌండు అవగానే కాగితాలు పక్క జట్టుతో మార్పించి దిద్దించండి.

టై అయితే అంకె అడగండి: "ఇప్పటి కోహినూర్ బరువు ఎన్ని గ్రాములు?" 1852లో తిరిగి చెక్కాక అది 105.6 క్యారెట్లకు దిగింది. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే 21 గ్రాముల చిల్లర. దగ్గరగా రాసినవాళ్లు గెలిచినట్టు. ఇద్దరూ ఒకే అంకె రాస్తే ముందు కాగితం ఇచ్చినవాళ్లది.