వారసత్వంగా వచ్చిన స్పానిష్ జేబు పిస్తోలు: గుర్తింపు, విలువ

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో తాతగారి బీరువా నుండి పాత స్పానిష్ పిస్తోలు బయటపడితే, ధర కంటే ముందు లైసెన్సు సంగతి చూడాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం దానిని పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు గల డీలరు వద్ద గానీ జమచేయాలి. ముందుగా స్టేషనుకు తెలిపి, వారు చెప్పినట్లే తరలించండి. మ్యాగజైన్ (తూటాలు ఉండే పెట్టె) తీసినా గొట్టంలో తూటా మిగిలి ఉండవచ్చు కనుక, ఖాళీ చేసే పని తెలిసినవారికే వదలండి.

తరువాత డీలరు సమక్షంలో ముద్రలు చదవండి. ఆస్ట్రా అని ఉంటే అది స్పెయిన్ పట్టణం గెర్నికాలోని ఉన్సెటా సంస్థది; స్టార్ అయితే ఎయిబార్‌లోని ఎచెవెర్రియాది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యం కోసం 7.65 మి.మీ. రూబీ నమూనాను గబిలోండోతో పాటు ఎన్నో చిన్న కార్ఖానాలు తయారుచేశాయి. ఒకరి మ్యాగజైన్ మరొకరి పిస్తోలుకు సరిగా అమరేది కాదు. అందుకే ఫ్రేముపైన (పిస్తోలు ప్రధాన చట్రంపైన), మ్యాగజైన్ అడుగున ఉన్న తయారీదారు అక్షరాలు కలుస్తున్నాయా అన్నదే నా దృష్టిలో అసలైన పరీక్ష. 1927 నుండి ప్రూఫ్ ముద్రల (కాల్చి పరీక్షించినట్లు తెలిపే ముద్రల) పక్కన సంవత్సరాన్ని తెలిపే అక్షరం ఉంటుంది: ఏ అంటే 1927, బి అంటే 1928.

ఉక్కుపైనున్న అసలు నీలిపూత అరిగినా సరే, దయచేసి కొత్త మెరుగు పెట్టించకండి. అది విలువను తగ్గిస్తుంది. దిగుమతులపై దశాబ్దాలుగా ఆంక్షలున్నందున విదేశీ వేలం ధరలు ఇక్కడ పనికిరావు. కొనేవారికీ లైసెన్సు ఉండాలి కాబట్టి, ఇద్దరు ముగ్గురు డీలర్ల అంచనాలను రాతపూర్వకంగా తీసుకోండి.