యూరప్ ఇళ్ల అలంకరణను గమనించడం, మన గదికి మలచుకోవడం

హెల్సింకీ, కోపెన్‌హాగన్ ఇళ్ల ఫొటోలు చూసి హాలు గోడలన్నీ తెల్లగా వేయిస్తే, హైదరాబాద్‌లో ఆ గది చాలాసార్లు ఆసుపత్రి వార్డులా తయారవుతుంది. కారణం సూర్యుడి ఎత్తు. హెల్సింకీ 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 ప్రాంతంలో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి 6, 7 డిగ్రీల పైన మాత్రమే ఉంటాడు. అదే వేళకు హైదరాబాద్‌లో 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. హెల్సింకీలో దొరికే ఆ కాస్త వెలుగునూ గది లోపలి మూల దాకా పంపడానికి అక్కడివాళ్లు తెల్ల గోడను వాడుకున్నారు. మనకు వెలుగుకు కొదవ లేదు, అది కళ్లలో పడటమే ఇబ్బంది.

కాబట్టి ఏ ఇంటి ఫొటో నచ్చినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడివాళ్లు ఏ ఇబ్బంది తీర్చుకోవడానికి ఇలా చేశారు? ఆ ఇబ్బంది మీ గదిలోనూ ఉంటే పద్ధతి తీసుకోండి. లేకపోతే ఫొటో ఎంత బాగున్నా పక్కన పెట్టండి.

ఏ ఇళ్లను చూడాలి

పత్రికల ఫొటోల్లో వైర్లు తీసేసి, వెడల్పు లెన్స్‌తో గదిని పెద్దదిగా చూపిస్తారు. పట్టపగలు కూడా అన్ని దీపాలూ వెలిగించి ఉంచుతారు. వాటికన్నా మనుషులు బతికిన తీరు చెడకుండా మ్యూజియాలుగా నిలిపిన ఇళ్లు నయం. హెల్సింకీలో వాస్తుశిల్పులు అల్వార్, ఐనో ఆల్టో దంపతులు 1936లో కట్టుకున్న ఇల్లు, కోపెన్‌హాగన్ దగ్గర ఓర్డ్రప్‌లో ఫర్నిచర్ డిజైనర్ ఫిన్ యూల్ 1942లో కట్టుకున్న ఇల్లు, స్వీడన్‌లో ఫాలున్ పక్కన సుండ్‌బోర్న్‌లో చిత్రకారులు కార్ల్, కారిన్ లార్సన్‌ల ఇల్లు, లండన్‌లో వాస్తుశిల్పి సర్ జాన్ సోన్ ఇల్లు, స్పెయిన్‌లో సెవిల్ నగరపు కాసా దె పిలాతోస్ అనే పాత మహలు. ఇవన్నీ సందర్శకులు చూడగలిగేవే. ఫొటోలూ విరివిగా దొరుకుతాయి.

వీటిలో ఒక్క ఇంటిని ఎంచుకుని, అందులో ఒకే గది ఫొటోలు 10 నుంచి 15 దాకా పోగు చేయండి. వేర్వేరు కోణాలు, వీలైతే ఎండాకాలంలో కొన్ని, మంచుకాలంలో కొన్ని. వంద ఇళ్ల నుంచి ఒక్కో ఫొటో దాచుకుంటే మిగిలేది గందరగోళమే. ఒక గదిని అన్ని వైపుల నుంచీ చూస్తేనే దీపం ఎంత కిందకు ఉందో, కుర్చీ వెనక ఎంత ఖాళీ వదిలారో తెలుస్తుంది.

ఫొటో నుంచి కొలతలు రాబట్టడం

ఆ ఇళ్లలో తరచూ కనిపించే కొన్ని వస్తువుల కొలతలు అందరికీ తెలిసినవే. ఆల్టో 1933లో రూపొందించిన మూడు కాళ్ల స్టూల్ ఎత్తు 44 సెం.మీ. డెన్మార్క్ డిజైనర్ పౌల్ హెన్నింగ్సెన్ 1958లో రూపొందించిన పీహెచ్ 5 వేలాడే దీపం వెడల్పు 50 సెం.మీ. ఇలాంటిది ఫొటోలో ఉంటే ప్రింట్ తీసి స్కేలుతో కొలవండి. కాగితం మీద దీపం 2 సెం.మీ. వచ్చిందంటే, కాగితం మీది ప్రతి సెంటీమీటరూ అసలులో 25 సెం.మీ. అన్నమాట. దీపం అంచు నుంచి బల్ల దాకా 2.4 సెం.మీ. ఉంటే అసలు ఎత్తు 60 సెం.మీ.

కెమెరాకు అదే దూరంలో ఉన్న వస్తువులకే ఈ లెక్క కుదురుతుంది. దీపం వెనక ఉన్న గోడను ఇదే లెక్కన కొలిస్తే కొలత తక్కువగా వస్తుంది. ఫొటో అంచుల్లో వెడల్పు లెన్స్ వస్తువులను సాగదీస్తుంది, కాబట్టి మధ్య భాగంలో ఉన్నవే తీసుకోండి.

రాత్రి వెలుగు: అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది

ఖర్చు తక్కువగా, ఫలితం ఎక్కువగా ఇచ్చేది ఇదే. డెన్మార్క్ ఇళ్లలో పైకప్పు మధ్యన ఒకే పెద్ద లైటు పెట్టి గదంతా ఒకేలా వెలిగించరు. మనుషులు కూర్చునే చోట్ల చిన్న చిన్న దీపాలు, వాటి మధ్య కొంచెం మసక చీకటి ఉంటాయి. హెన్నింగ్సెన్ దీపాల్లో రేకులను ఒకదాని కింద ఒకటి అమర్చిన ఉద్దేశం, ఎటు నుంచి చూసినా బల్బు నేరుగా కంటపడకుండా వెలుగు రేకుల మీద పడి మెత్తగా దిగడం. మీరు ఏ దీపం కొన్నా పరీక్ష అదే. కూర్చుని చూడండి. బల్బు కనిపిస్తోందంటే ఆ దీపం వద్దు.

12×14 అడుగుల హాలుకు ఇలా లెక్కేయండి (ల్యూమెన్ అంటే బల్బు ఇచ్చే వెలుగు కొలమానం). భోజనం బల్ల మీద 800 ల్యూమెన్ల వేలాడే దీపం ఒకటి (8, 9 వాట్ల ఎల్‌ఈడీ), సోఫాకు రెండు వైపులా 400 ల్యూమెన్ల టేబుల్ ల్యాంపులు రెండు, చదువుకునే కుర్చీ పక్కన 600 ల్యూమెన్ల ఫ్లోర్ ల్యాంపు ఒకటి. అన్నిటికీ 2700 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు) బల్బులే వాడండి. ఒక్కటి 6500 కెల్విన్ తెల్ల బల్బు కలిసినా మిగతావి పసుపెక్కినట్టు కనిపించి గదంతా చెడుతుంది. డబ్బా మీద సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 లేదా ఆ పైన ఉండాలి. 80 ఉన్న బల్బు కింద ఎరుపు, చెక్క రంగు, మనిషి చర్మం వెలవెలబోతాయి.

వేలాడే దీపం అడుగు అంచు బల్ల నుంచి 60, 65 సెం.మీ. ఎత్తులో ఉండాలి. 80 దాటితే కూర్చున్నవారికి బల్బు కనిపిస్తుంది, 50 కన్నా తగ్గితే ఎదుటి మనిషి ముఖం కనిపించదు. టేబుల్ ల్యాంపు షేడ్ అడుగు అంచు నేల నుంచి 105, 110 సెం.మీ. ఎత్తులో, అంటే కూర్చున్న మనిషి కంటికి సమంగా ఉండాలి.

యూరప్ ఫొటోల్లో కనిపించని సమస్య మనకు ఒకటుంది, సీలింగ్ ఫ్యాన్. ఫ్యాన్ రెక్కలకన్నా పైన లైటు ఉంటే రెక్కల నీడలు గదిలో తిరుగుతూ తల నొప్పి తెప్పిస్తాయి. వేలాడే దీపం ఫ్యాన్‌కు దగ్గరైతే ఊగుతుంది. రెక్క కొన నుంచి దీపానికి కనీసం 2 అడుగుల దూరం ఉంచండి. కుదరకపోతే భోజనం బల్ల దగ్గర గోడ ఫ్యాన్ పెట్టుకోవడం మేలు. ప్లగ్ పాయింట్లు చాలక టేబుల్ ల్యాంపుల ఆలోచన మానేసేవారు ఎక్కువ. సోఫాకు రెండు వైపులా నేల నుంచి అడుగు ఎత్తున పాయింట్లు పెట్టించి, రెండింటినీ గుమ్మం దగ్గరి ఒకే స్విచ్‌కు కలపమని ఎలక్ట్రీషియన్‌కు గోడలు కొట్టేటప్పుడే చెప్పాలి.

రంగు

ఉత్తర యూరప్ అంటే తెలుపే అనుకోవడం తొందరపాటు. లార్సన్‌ల భోజనాల గదిలో ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కనే నిలబడతాయి. ఫిన్ యూల్ తన ఇంట్లో కొన్ని పైకప్పులకే లేత రంగులు వేశాడు. మన పది అడుగుల ఎత్తు గదుల్లో ఈ పైకప్పు ఆలోచన చక్కగా పనిచేస్తుంది: గోడలు మీగడ రంగులో ఉంచి, పైకప్పుకు గోడకన్నా ఒక మెట్టు ముదురు వెచ్చని రంగు వేస్తే పగటి ఎండ చురుకు తగ్గుతుంది.

తెలుపే కావాలనుకుంటే, స్వీడన్‌లో విరివిగా వాడే ఎన్‌సీఎస్ (రంగులకు సంకేతాలిచ్చే స్వీడన్ పద్ధతి) ఎస్ 0502-వై చూడండి. ఇందులో నలుపు 5 శాతం, పసుపు వైపు ఒరిగిన రంగు 2 శాతం. దక్షిణం, పడమర ఎండ తగిలే గదికి ఇంకాస్త నలుపు ఉన్నది, ఎస్ 1002-వై లాంటిది, కంటికి హాయిగా ఉంటుంది.

షేడ్ కార్డు చూసి నిర్ణయించకండి. రెండడుగుల చదరపు ప్లై ముక్కకు ప్రైమర్ మీద రెండు కోట్లు వేసి, చుట్టూ రెండు అంగుళాలు తెల్లగా వదలండి. ఆ తెల్ల అంచు లేకపోతే పాత గోడ రంగు కొత్త రంగును మార్చి చూపిస్తుంది. ముక్కను పొద్దున 8కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 5కి, రాత్రి 2700 కెల్విన్ బల్బు కింద, రెండు వేర్వేరు గోడల దగ్గర నిలబెట్టి చూడండి.

చీకటి గది ఉంటే సోన్ ఇంటి అల్పాహారపు గదిని గమనించండి. చిన్న గది, పైన గుమ్మటం, అక్కడక్కడా చిన్న కుంభాకార అద్దాలు. అద్దాన్ని కిటికీకి సరిగ్గా ఎదురుగా కాకుండా పక్క గోడకు పెట్టాలి. ఎదురుగా పెడితే మన ఎండకు అది కళ్లు చెదరగొడుతుంది.

గుడ్డ

యూరప్ పడకగదుల్లో, గోడల మీద పెద్ద పూల అద్దకపు గుడ్డ చూసి అది వాళ్లదే అనుకుంటాం. 17వ శతాబ్దంలో డచ్చివారి, ఇంగ్లీషువారి ఓడలు మన కోరమాండల్ తీరం నుంచి, మచిలీపట్నం రేవు నుంచి అద్దకపు నూలు గుడ్డలు తీసుకెళ్లాయి. వాటి గిరాకీకి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో అద్దకపు గుడ్డలను నిషేధించింది. 1759లో గానీ ఆ నిషేధం ఎత్తేయలేదు. కాబట్టి డచ్ ఇంటి శోభ కావాలనుకునేవారు పెడనలోనే మొదలుపెట్టొచ్చు. పెద్ద కలంకారీ ఒకటి మంచం తల వైపు గోడకు కట్టి, అందులోని ఎరుపును మరో రెండు చిన్న వస్తువుల్లో మాత్రమే మళ్లీ వాడండి. సహజ రంగులు నేరెండకు వెలిసిపోతాయి. పడమటి కిటికీకి కర్టెన్‌గా వేయకండి.

స్వీడన్ ఇళ్లలో పాత గుడ్డ పీలికలతో నేసిన నూలు తివాచీలు పరుస్తారు. మన టైల్స్ మీద దుమ్ము పట్టే ఉన్ని తివాచీకన్నా వరంగల్ నూలు డర్రీ చక్కగా అమరుతుంది, ఉతకడమూ తేలిక. సోఫా ముందు కాళ్లు దాని మీదకు రావాలి. గది మధ్యలో విడిగా పరిచిన చిన్న డర్రీ గదినే చిన్నది చేస్తుంది. జారకుండా కింద రబ్బరు వల వేయండి.

ఎండ ప్రాంతాలకు దక్షిణ యూరప్ మేలు

గుంటూరు, ఖమ్మం ఎండలకు డెన్మార్క్‌కన్నా దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియా పద్ధతులే బాగా అతుకుతాయి. సెవిల్ ఇళ్లలో కిటికీకి బయట వైపు తెరలు, చెక్క తలుపులు ఉంటాయి. ఎండ అద్దాన్ని తాకకముందే ఆగిపోతుంది. లోపల ఎంత మందపు కర్టెన్ వేసినా వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది, కాబట్టి డబ్బుంటే ముందు బయటి వైపు వెదురు చాపకే పెట్టండి. కాసా దె పిలాతోస్‌లో లాగా గోడ కింది భాగానికి రంగు పలకలు వేయడం పిల్లలున్న ఇంటికి ఎంతో వీలు, మరకలు తుడిచేయొచ్చు.

అక్కడి సున్నపు గోడల మెత్తదనం కావాలంటే పుట్టీ, ఎమల్షన్ ఉన్న గోడ మీద సున్నం వేయించకండి. గోడ పీల్చుకోదు, కొన్నాళ్లకు పొడిగా రాలుతుంది. పాత పూతను ప్లాస్టర్ దాకా గీకించి, గోడను నీళ్లతో తడిపి, పాలలా పలచగా మూడు కోట్లు వేయాలి. తడిగా ఉన్నప్పుడు సున్నం దాదాపు కనిపించదు, ఆరాకే తెల్లబడుతుంది. అది తెలియక మేస్త్రీలు చిక్కగా వేసేస్తారు, అప్పుడు నెర్రెలిస్తుంది. మే నెలలో అయితే సాయంత్రం 5 తర్వాతే పని మొదలుపెట్టించి, కోటుకూ కోటుకూ మధ్య ఒక రోజు ఆగి, ప్రతి కోటుకు ముందు గోడ మళ్లీ తడపాలి.