టైటాన్ సరస్సులను చదవడం, 4వ పాఠం: రెండు ప్రతిధ్వనుల నుంచి లోతు కట్టడం

పోయిన పాఠంలో శని గ్రహపు చంద్రుడైన టైటాన్‌ను కాసినీ వ్యోమనౌక తీసిన రాడార్ చిత్రాల్లోని నల్లమచ్చల దగ్గర ఆగాం. వానపడిన రాత్రి హైవే మీద హెడ్‌లైట్ వేస్తే తడి రోడ్డు నల్లగా కనిపిస్తుంది కదా. వెలుతురు నున్నటి నీటి మీద పడి ముందుకే పోతుంది, మన కంటికి తిరిగి రాదు. పక్కవాటుగా చూసే రాడార్‌కీ అంతే. 2006 జులైలో టైటాన్ ఉత్తర ధ్రువం వైపు కనిపించిన మచ్చలు నున్నగా ఉన్నాయని మాత్రమే ఆ నలుపు చెబుతుంది. నున్నటి నేలైనా అలాగే పడుతుంది. అందుకే చూడగానే సరస్సు అనేయకండి. ఒడ్డు వంపులు, వచ్చి కలిసే వాగులు చూడాలి. అంతకంటే గట్టి సాక్ష్యం లోతు. ఇవాళ అది కట్టడం నేర్చుకుందాం.

2013 మే 23న కాసినీ లైజియా మారే అనే సముద్రం మీదుగా పోతూ రాడార్‌ను నిట్టనిలువుగా కిందికి గురిపెట్టింది. తరంగం పొడవు సుమారు 2.2 సెంటీమీటర్లు. తిరిగొచ్చిన సంకేతాన్ని కాలం వెంట గ్రాఫ్ గీస్తే ముందు ఒక పెద్ద శిఖరం, దాని వెనకే ఒక చిన్న శిఖరం. పెద్దది ద్రవం పైతలం నుంచి వచ్చింది, చిన్నది అడుగు నుంచి. ఈ రెండింటి మధ్య ఎడమే మనకు కావలసింది.

ఆ ఎడం 1.4 మైక్రోసెకన్లు అనుకోండి (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలో వంతు). శూన్యంలో రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. లైజియాలోది ద్రవ మీథేన్ అనుకుందాం. దాని వక్రీభవన గుణకం, అంటే తరంగం అందులో ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య, సుమారు 1.3 కాబట్టి అందులో వేగం దాదాపు 2.3 లక్షలకు పడిపోతుంది. ఆ వేగంతో 1.4 మైక్రోసెకన్లలో పోయే దూరం 322 మీటర్లు. అది అడుగుదాకా వెళ్లి వెనక్కి వచ్చిన దూరం, కాబట్టి సగం చేయండి: 161 మీటర్లు. లైజియాలో ఆ దారి వెంట దొరికిన గరిష్ఠ లోతు కూడా 160 మీటర్ల దరిదాపుల్లోనే ఉంది.

కొత్తవాళ్లు సగం చేయడం మర్చిపోతారు, లేదా శూన్యంలోని వేగాన్నే వాడేస్తారు. వేగంలో పొరపాటు పడితే 210 మీటర్లు వస్తుంది. జవాబు చూడటానికి నమ్మేలాగే ఉంటుంది, అదే ప్రమాదం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. అసలు ఆ రెండో శిఖరం రావడమే ఒక వార్త! మామూలు నీళ్లయితే ఈ తరంగం కొన్ని మిల్లీమీటర్లు దిగేసరికే చాలావరకు ఇంకిపోతుంది. లైజియాలో 160 మీటర్లు దిగి, మళ్లీ అంతా ఎక్కి వచ్చింది. అంటే ఆ ద్రవం తరంగాన్ని దాదాపు పీల్చుకోవడం లేదు. ఎంత పీల్చుకుందో కొలిస్తే అందులో ఏముందో తెలుస్తుంది. ఈథేన్ మీథేన్ కంటే ఎక్కువ పీల్చుకుంటుంది. అలా చూస్తే లైజియాలో మీథేనే ప్రధానం, ఈథేన్, నైట్రోజన్ తక్కువ పాళ్లలో ఉన్నాయి. లోతు కొలవబోతే ద్రవం ఏమిటో కూడా తెలిసిపోయింది.

జీవం కోసం వెతుకులాట కూడా ఇక్కడే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. మైనస్ 179 డిగ్రీల మీథేన్‌లో ఉప్పులు, అమైనో ఆమ్లాలు దాదాపు కరగవు. మన కణాల చుట్టూ ఉండే కొవ్వు పొర నీటిని నమ్ముకున్నది, అక్కడ నిలబడదు. 2015లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్రిలోనైట్రైల్ అనే కర్బన పదార్థంతో పొర కట్టుకోవచ్చని కంప్యూటర్ నమూనాలో చూపించారు. ఆ పదార్థం టైటాన్ వాతావరణంలో ఉందని 2017లో ఆల్మా టెలిస్కోపు పరిశీలనలు తేల్చాయి. కానీ అలాంటి పొర తనంతట తాను ఏర్పడదని 2020లో వచ్చిన మరో లెక్క చెప్పింది. కాబట్టి ‘సరస్సుల్లో జీవం’ అన్న శీర్షిక ఎక్కడ కనబడినా, ముందు ఏ ద్రవం, ఎంత చలి అని అడగండి.

ఈ వారం అభ్యాసం. టైటాన్‌లోని మరో సముద్రం క్రాకెన్ మారే ఉత్తరాన మొరే సైనస్ అనే పాయలో లోతు సుమారు 85 మీటర్లు. అక్కడ రెండు శిఖరాల మధ్య ఎడం ఎంత ఉండాలి? 0.74 మైక్రోసెకన్ల దగ్గర వస్తే మీ దారి సరైనదే. ఆ తర్వాతిది కాస్త కష్టం: అదే క్రాకెన్ నడిభాగంలో రెండో శిఖరం కనబడలేదు. ఎందుకై ఉంటుందో రెండు కారణాలు రాసి, వాటిలో ఏది నిజమో తేల్చడానికి ఇంకేం కొలవాలో ఆలోచించి ఉంచండి. 5వ పాఠం ఆ ప్రశ్నతోనే మొదలుపెడదాం.