పెరటికి నాటు విత్తనాలు ఎంచుకోవడం ఎలా?

నాటు విత్తనానికి మొదటి గుర్తు ఇది. దాని కాయలోంచి తీసిన గింజ వేస్తే మళ్లీ అదే కాయ కాయాలి. ఎఫ్1 హైబ్రిడ్, అంటే రెండు రకాలను కలిపి పుట్టించిన మొదటి తరం సంకరం, మొదటిసారి ఒకే తీరుగా కాస్తుంది. దాని గింజ దాచి మరుసటేడు వేస్తే ఒక చెట్టుకు పొడుగు కాయ, పక్కదానికి గుండ్రటి కాయ, రుచి తలోరకం. అందుకే పొట్లం ముందు ‘దేశవాళీ’ అని ఉన్నా, వెనక చిన్న అక్షరాల్లో ఎఫ్1 అని ఉందేమో తిప్పి చూడండి. పర్భని క్రాంతి బెండ, పూసా రూబీ టమాటా, భాగ్యమతి వంగ నాటువి కావు, పరిశోధన కేంద్రాలు విడుదల చేసినవి. అయినా హైబ్రిడ్లు కాని సూటి రకాలే కాబట్టి వాటి గింజ నిశ్చింతగా దాచుకోవచ్చు.

1. గింజ కన్నా ముందు కాలం, నేల చూడండి

నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ప్రకాశంలోనూ ఆ నెలల వాయుగుండాలను లెక్కలో పెట్టుకోవాల్సిందే. ఏ నెలలో ఏది వేయాలో చెప్పే వేరే ప్రాంతాల పట్టికలు ఈ రెండు జిల్లాల్లోని మనకు సరిగ్గా కుదరవు.

తీగ చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూతకొస్తుంది. జూన్, జులైలో పాదు పెడితే చలికాలమంతా కాస్తుంది. అదే గింజను ఫిబ్రవరిలో వేస్తే పందిరి నిండా ఆకే, ఒక్క కాయ ఉండదు. తప్పు కాలానిదైతే నింద గింజ మీద పడుతుంది. గోంగూరకూ ఇదే గుణం, కాకపోతే దాంట్లో మనకు కావలసింది ఆకు. వేసవిలో వేస్తే ఆకు దండిగా వస్తుంది. అక్టోబరులో వేస్తే మూరెడు ఎదగకముందే పూస్తుంది, అది విత్తనం కట్టుకోవడానికి మంచిది. టమాటా ఎండలు ముదిరితే పిందె కట్టదు. నారు చూరు కిందో రేకు కిందో పెంచి, ముసురు తగ్గాక నవంబరు, డిసెంబరులో నాటండి. వానలో తడిసిన నారుమడికి మొదలుకుళ్లు తప్పదు.

తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటే బీన్స్, క్యారెట్, ఉల్లి ముందు దెబ్బతింటాయి. పాలకూర తట్టుకుంటుంది. మెట్ట ఎర్రనేలల్లో అలసంద, గోరుచిక్కుడు, దోస తక్కువ నీటితోనే వస్తాయి.

2. గింజ ఇచ్చేవారిని అడగాల్సినవి

పక్క ఊరి పెరట్లో నాలుగేళ్లుగా వేస్తున్న గింజ, రంగుల బొమ్మ వేసిన ఖరీదైన పొట్లం కన్నా మేలు. మన ఎండకు, నీటికి అది ఇప్పటికే అలవాటు పడి ఉంటుంది. అడిగి తీసుకునేటప్పుడు ఇవి తెలుసుకోండి: ఏ నెలలో వేశారు, ఎన్ని చెట్ల నుంచి గింజ తీశారు, పక్కన అదే జాతిది ఇంకేదైనా ఉందా, ఎప్పుడు ఎండబెట్టారు. వీలైతే తల్లి చెట్టును కళ్లారా చూడండి. ఆకు ముడుచుకుని, పసుపు మచ్చలు పడ్డ చెట్టు గింజ ఉచితంగా ఇచ్చినా వద్దు. కొన్ని వైరస్ తెగుళ్లు గింజ వెంటే వస్తాయి.

కొత్తవారు టమాటా, చిక్కుడు, అలసందతో మొదలుపెట్టండి. వీటి పువ్వులో చాలావరకు దాని పుప్పొడే దానికి పడుతుంది కాబట్టి రకం చెడదు. ఐదారు చెట్ల నుంచి గింజ తీస్తే చాలు. వంగ, మిరప, బెండల్లో తేనెటీగలు కొంత కలిపేస్తాయి. బెండకు చిన్న ఉపాయం ఉంది: రేపు విచ్చుకోబోయే మొగ్గ కొనను ఈ సాయంత్రమే దారంతో కట్టేయండి. పువ్వు లోలోపలే ఫలదీకరణ అవుతుంది. ఆ కాయకు గుర్తు కట్టి కోయకుండా ముదరనివ్వండి.

3. ఇరవై గింజల పరీక్ష

తాలు గింజలు తీసేశాక 20 గింజలు లెక్కపెట్టి, తడిపి గట్టిగా పిండిన నూలుగుడ్డలో విడివిడిగా పరిచి చుట్టండి. మూత ఉన్న డబ్బాలో నీడన పెట్టి రోజూ విప్పి చూడండి. గుడ్డలోంచి నీళ్లు కారుతుంటే గింజకు గాలాడక కుళ్లుతుంది. బెండ, అలసంద వారంలోపే తెలిసిపోతాయి. వంగ, మిరప, కాకరకు రెండు వారాలు ఇవ్వండి. 16 మొలిస్తే మంచి విత్తనం. 10 నుంచి 15 అయితే గుంతకు ఒకటీ రెండు గింజలు ఎక్కువ వేయండి. ఎనిమిది కూడా దాటకపోతే వేరే గింజ వెతుక్కోండి. ఉల్లి గింజ ఏడాదికే సత్తువ కోల్పోతుంది. టమాటా, వంగ బాగా ఎండబెట్టి దాస్తే మూడు నాలుగేళ్లు నిలుస్తాయి.

గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగు పూసిన గింజలకు మందు పట్టించి ఉంటారు. పిల్లల చేతికి ఇవ్వకండి, మిగిలినవి వంటకు వాడకండి.

4. సొర, బీర, దోస: కలవకుండా చూడాలి

పాదుజాతిలో మగపూలు, ఆడపూలు వేరు. పక్కింటి గుమ్మడి పుప్పొడి మీ గుమ్మడికి పడినా ఈ ఏటి కాయ మారదు, తేడా వచ్చే ఏడు బయటపడుతుంది. ఒక జాతిలో ఒక రకమే వేసుకోవడం తేలిక దారి. చుట్టుపక్కల వేరే రకం ఉంటే చేత్తో పుప్పొడి అద్దాలి.

సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ మధ్యాహ్నమే, కింద చిన్న పిందె ఉన్న ఆడమొగ్గను, పిందె లేని మగమొగ్గలు రెంటిని దారంతో వదులుగా కట్టండి. పొద్దువాలాక మగపువ్వు కోసి రేకులు ఒలిచి, పసుపు పొడి అంటిన కాడను ఆడపువ్వు మధ్యనున్న బొడిపెకు మెల్లగా రాయండి. మళ్లీ కట్టి, తొడిమెకు రంగుదారం చుట్టండి. బీరకూ సాయంత్రమే. కాకర, గుమ్మడి, దోసలకు తెల్లవారి చేయాలి. పొలం గట్లమీది బుడమకాయ దోస జాతిదే, పుప్పొడి కలుస్తుంది.

సొరకాయ వండేముందు చిన్న పచ్చిముక్క నాలుకకు తాకించి ఉమ్మేయండి. చేదు తగిలితే కాయ పారేయండి. ఆ చేదు విషం, ఉడికించినా పోదు, ప్రాణం మీదికి వస్తుంది. ఆ పాదు గింజ దాచనేకూడదు.

5. పూలల్లో ఏవి గింజకు, ఏవి కొమ్మకు

బంతి, సీతమ్మజడబంతి, చంద్రకాంత, కాశీరత్నం, శంఖుపువ్వు గింజతో వస్తాయి. మల్లె, చామంతులకు కొమ్మలో పిలకలో తెచ్చుకోవాలి. బంతి గింజ సూదిలా సన్నగా, ఒక కొస నల్లగా ఉండాలి. మొత్తం పాలిపోయి ఉంటే తాలు. ముద్దగా పూసిన చెట్లలో నడిమి కాలపు పూలనే చెట్టుమీద ఎండనివ్వండి. శంఖుపువ్వు గింజ పైపెంకు గట్టిది, గరుకుకాగితంతో ఒకవైపు రుద్ది రాత్రంతా నానబెట్టాలి. చంద్రకాంత గింజ అచ్చం మిరియంలా ఉంటుంది, విషం, వంటింటికి దూరంగా పెట్టండి.

కనకాంబరంలో ఢిల్లీ రకానికి గింజ కట్టదు, కొమ్మలే నాటాలి. పాత నాటు రకానికి కడుతుంది. గోధుమరంగుకు తిరిగిన వెన్నును తడి తగలకముందే కోసి గుడ్డసంచిలో వేయాలి. నీటిచుక్క పడితే కాయలు చిటపటమని పేలి గింజలు నాలుగు దిక్కులా చెదిరిపోతాయి.

6. దాచడం

టమాటా గుజ్జును నీళ్లు కలపకుండా గాజుగ్లాసులో వదిలేయండి. మన ఎండలకు ఒకటిన్నర రోజులో పైన తెల్లటి పొర కడుతుంది. అప్పుడే కడగాలి, ఆలస్యమైతే లోపలే మొలకెత్తుతుంది. ఏ గింజైనా గాలాడే నీడలో ఆరబెట్టండి. మే నెల మిద్దె గచ్చు మీద పోస్తే గింజలో మొలకయ్యే పిండం మాడుతుంది. చిక్కుడు, అలసంద గింజ కొరికితే టప్పున విరగాలి, పంటి గాటు పడితే ఇంకా తేమ ఉన్నట్టే.

పురుగు పట్టే ఈ పప్పుజాతి గింజల్ని బాగా ఎండాక గాజుసీసాలో బిగించి ఐదు రోజులు ఫ్రీజర్‌లో పెట్టండి. తీశాక సీసా చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత తెరవకండి, తెరిస్తే గింజల మీద చెమ్మ చేరుతుంది. తర్వాత కట్టెబూడిద కలిపి చీకటి మూల ఉంచండి. సీసాకు రకం పేరు, ఇచ్చిన ఊరు, తీసిన నెల రాసి అతికించండి.

ఎంత మంచి గింజైనా మూడోవంతు వెనక్కి పెట్టుకునే నాటండి. నవంబరులో తుఫాను పందిరి పడగొడితే మళ్లీ వేయడానికి అదే ఉంటుంది.