గాలి చూడాల్సింది పొద్దున్నే, బండి తీయకముందే

హనుమకొండ నుంచి ములుగు దగ్గర ఒక బడికి రోజూ నా కారులోనే వెళ్లొస్తాను. తోడు మరో ముగ్గురు టీచర్లు, పెట్రోలు నలుగురం పంచుకుంటాం. రానూపోనూ 90 కిలోమీటర్లు. పోయినేడు టైర్లు మార్చినప్పుడు షాపాయన పాత టైరును పడుకోబెట్టి అంచుల మీద వేలు రాసి చూపించాడు. మధ్యలో గాడులు బాగానే ఉన్నాయి, రెండు అంచులూ నున్నగా బోడిగుండులా అయిపోయాయి. "గాలి తక్కువతోని తిప్పిన్రు మేడమ్" అన్నాడు. నాకు రోషం వచ్చింది. వారం వారం బంకులో కొట్టిస్తూనే ఉన్నాను కదా!

తప్పు అక్కడే జరిగింది. నేను బంకుకు పోయేది సాయంత్రం, ఇంటికొచ్చేటప్పుడు. అప్పటికి టైరు వేడెక్కి ప్రెషర్ నాలుగు పాయింట్ల దాకా పెరిగి ఉంటుంది (పాయింటు అంటే మీటరు మీద ఒక పీఎస్‌ఐ). నా బండికి ఉండాల్సింది 33. కుర్రాడు మీటరులో 37 చూసి, "ఎక్కువున్నది" అని సుయ్‌మని వదిలేసేవాడు. చల్లారాక పొద్దున 29. వేడికి గాలి వ్యాకోచిస్తుందని పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, నా టైరు దగ్గర మాత్రం తట్టలేదు.

ఇప్పుడు టైరులో గాలి కొలిచే 300 రూపాయల గేజ్ ఒకటి కొనుక్కున్నాను. నెలకు రెండుసార్లు, బడికి బయల్దేరే ముందు ఇంటి దగ్గరే చూస్తాను. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్‌లో ఉంటుంది, కొన్ని బండ్లకు పెట్రోలు మూత లోపల. టైరు పక్కన అచ్చేసి ఉండే అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మన బండికి కావాల్సింది కాదు. వాల్వు మూత తీసి ముందు జేబులో వేసుకోండి, మట్టిలో పడితే దొరకదు. గేజ్‌ను నిటారుగా నొక్కాలి. సుయ్ మంటూనే ఉంటే వంకరగా పట్టినట్టే, అంకె తక్కువ చూపిస్తుంది. చివర్లో వేలికి ఉమ్మి తడి చేసి వాల్వు మీద పెట్టండి. బుడగ వస్తే పిన్ను లీకు.

పొద్దున 30 ఉందనుకోండి, మూడు తక్కువ. బంకు చేరేసరికి వేడికి 32 చూపిస్తే 35 కొట్టించాలి. అంటే అక్కడ ఎంత చూపించినా దాని మీద మూడు.

"ఎండాకాలం గాలి తక్కువ పెట్టాలె, లేకుంటే పేలుతది" అని మా స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికీ వాదిస్తారు. నిజం తిరగబడి ఉంది. గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి చుట్టుకూ నలిగి నలిగి ఇంకా కాగుతాయి. మే నెల మధ్యాహ్నం తారురోడ్డు మీద పేలేది ఎక్కువగా అలాంటి టైరే. చలికాలం వేరే కథ. ఐదారు డిగ్రీలు తగ్గితే ఒక పాయింటు పడిపోతుంది కాబట్టి సంక్రాంతి పొద్దున తప్పకుండా చూడాలి. అలాగని 40 కొట్టిస్తే మధ్యభాగం అరిగి, స్పీడ్ బ్రేకర్ల మీద బండి ఎగిరెగిరి పడుతుంది.

మైలేజీ పెరుగుతుందని అందరూ ఊదరగొడతారు గానీ అది చిన్న లెక్క. నాలుగు టైర్లలో సగటున ఒక పాయింటు తగ్గితే 0.2 శాతం నష్టమని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. నాకు మిగిలేది టైర్ల డబ్బు. వానలో బ్రేకు వేసినప్పుడు బండి మాట వింటుంది, అది ఇంకా ముఖ్యం. టైర్లలో గాలికి బదులు నింపే నైట్రోజన్‌కు మాత్రం నేను పైసలివ్వను, మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది.

లోడును బట్టి కూడా మార్చాలి. మేడారం జాతరకు ఐదుగురం వెళ్లాం. డిక్కీలో మా బావ నిలువెత్తు బంగారం, అంటే ఆయన బరువంత బెల్లం, 80 కిలోలు. ముందు సీట్లో ఒక బావ, డిక్కీలో ఇంకో బావ అన్నమాట. ఫుల్ లోడుకు వెనక 36 అని స్టిక్కర్ మీద ఉంది, అంతే పెట్టించాను. తిరిగొచ్చాక మళ్లీ 33.

స్టెప్నీని మరిచిపోకండి. ఇంత చెప్పాక మా బావ తన బండిది చూడమన్నాడు. డిక్కీ అడుగున ప్లాస్టిక్ కవరు కూడా విప్పని కొత్త టైరు. గేజ్ పెడితే 11 చూపించింది.